రాబోయేవాళ్ల మీద మనం పెట్టిన సంతకం

(బెంగళూరులో ప్రభుత్వ రంగ సంస్థల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేస్తున్న తెలుగువారు, రిటైరైనవారు కలిసిన ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత కార్మికుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. ఈ పక్క వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను, ఈ మధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలే వెనక నిలబడ్డారు. ముందు వరుసలన్నీ మా రిటైరైనవాళ్లతో నిండిపోయాయి. ఈ రోజు మాట్లాడబోయేది మీ గురించి. మీరు నిలబడి వినడం బాగుండదు. రండి, కూర్చోండి.

నేను ఈ ఊళ్లో ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ముప్పై తొమ్మిదేళ్లు పనిచేశాను. గ్రైండింగ్ సెక్షన్. అందులో కొన్నేళ్లు యూనియన్ కమిటీలో ఉన్నాను, వేతన ఒప్పందాల చర్చల్లో కూర్చున్నాను. ఆ కూర్చున్న సంగతే ఈ రోజు చెప్పాలి. దానికి ముందు ఒక చిన్న విషయం.

మా సెక్షన్‌లో ఒక షాఫ్టు చేసేవాళ్లం. చిటికెన వేలంత లావు ఉంటుంది. డ్రాయింగులో ఇచ్చిన కొలతకు ఐదు మైక్రాన్లు అటూ ఇటూ పోవచ్చు, అంతే. ఐదు మైక్రాన్లంటే ఎంత? తల వెంట్రుక ఒకటి తీసుకుని నిలువునా పది పదిహేను పొరలుగా చీలిస్తే, అందులో ఒక పొర. అంత. అది దాటితే ఆ షాఫ్టు స్క్రాప్ డబ్బాలోకి పోతుంది. ఎవరు చేశారని ఇన్‌స్పెక్షన్‌లో ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ల సర్వీసువాడు చేసినా డబ్బాలోకే, నిన్న చేరినవాడు చేసినా డబ్బాలోకే.

2013లో మదనపల్లె వైపు నుంచి ఒక కుర్రాడు చేరాడు. నా పక్క మెషీన్ ఇచ్చారు. మైక్రోమీటర్ ఎలా పట్టుకోవాలో, చివర రాచెట్ మూడు సార్లు టకటకమన్నాకే ఎందుకు చదవాలో, అరచేతి వేడికి కూడా కొలత ఎలా మారుతుందో, అన్నీ నేనే నేర్పాను. ఆరు నెలలకు నాతో సమానంగా చేశాడు. ఏడాది తిరిగేసరికి వాడి డబ్బాలో నా డబ్బాలో కంటే తక్కువ స్క్రాప్ ఉండేది. నేను సంతోషించాను. నేర్పినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఒక రోజు టీ వేళ ఇద్దరం పే స్లిప్పులు పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాం. నాదాంట్లో ఉన్న అంకె పెద్దది, వాడిదాంట్లో చిన్నది. అది సహజమే. నాకప్పటికి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు, వాడికి ఒక్క ఏడాది. ఆ మాటే అన్నాను. వాడు ఏమన్నాడో వినండి. "మామా, ఇవాళ మీకు ఎంత, నాకు ఎంత అని నేను అడగడం లేదు. నేను కూడా ఇక్కడే ఇరవై తొమ్మిదేళ్లు చేస్తే, ఇప్పుడు మీరున్న చోటికి వస్తానా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఒప్పందం కాపీ తీసి, కాగితం మీద లెక్క వేశాను. రాడు. ముప్పై ఏళ్లు చేసినా రాడు. వాడి జీతపు స్కేలు నా స్కేలు కాదు. దాని మొదలు వేరు, దాని చివర వేరు. మాకున్న కొన్ని అలవెన్సులు వాడికి లేవు. రిటైరయ్యాక వైద్యం విషయంలో మాకున్న ఏర్పాటు వాడికి లేదు. ఆ కాపీ చివరి పేజీలో, యూనియన్ తరఫున అని ఉన్న చోట, నాలుగో సంతకం నాది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పుకుందాం, లేకపోతే చర్చ పక్కదారి పడుతుంది. పాతవాళ్లకు కొత్తవాళ్ల కంటే ఎక్కువ జీతం రావడం తప్పని నేను అనడం లేదు. అనుభవానికి విలువ ఉండాలి. కేంద్ర ఉద్యోగుల జీతాలకు ఏడో వేతన సంఘం వేసిన పట్టిక చూడండి. కేంద్ర ప్రభుత్వంలో అట్టడుగు స్థాయిలో చేరినవాడి మూల వేతనం 18,000. ఏడాదికి 3 శాతం ఇంక్రిమెంటు. ఇరవై నాలుగేళ్లకు అది రెట్టింపు అవుతుంది. అదే స్థాయిలో చివరి గడి 56,900. ఆ పట్టికలో ఇవాళ మొదటి గడిలో ఉన్నవాడు ఏళ్లు గడిచేకొద్దీ పై గడులకు వెళ్తాడు. వెనక వచ్చినవాడు వాడి గడిలోకి వస్తాడు. ఒకే నిచ్చెన, పై మెట్టు మీద ఒకడు, కింది మెట్టు మీద ఒకడు. ఇందులో ఎవరికీ అవమానం లేదు. నేను చెప్పేది రెండు నిచ్చెనల గురించి. పక్కపక్కనే రెండు నిచ్చెనలు వేసి, ఒకటి అటక దాకా, ఒకటి సగం గోడ దాకా వేసి, నువ్వు ఫలానా తేదీ తర్వాత పుట్టావు కనుక, క్షమించండి, చేరావు కనుక, నీది ఇది అనడం. అది వేరు. ఆ రెంటినీ కలిపి మాట్లాడేవాళ్లు మనల్ని మభ్యపెడుతున్నారు.

తేదీ గీసిన గీత

ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, రాష్ట్ర ఉద్యోగులు, బ్యాంకువాళ్లు కూడా ఉన్నారు. ఒకసారి ఆలోచించండి. ఒక తల్లికి నలుగురు కొడుకులు. నలుగురూ 2005 జూన్‌లోనే ఉద్యోగాల్లో చేరారనుకుందాం. ఒకడు కేంద్ర ప్రభుత్వంలో. వాడికి పాత పింఛను లేదు, ఎందుకంటే అక్కడ గీత 2004 జనవరి 1, ఆ రోజు నుంచి చేరినవాళ్లకు జీతంలో కోసి పోగుచేసే కొత్త పింఛనే. ఇంకొకడు ఆంధ్రప్రదేశ్‌లో టీచరు. వాడికీ లేదు, అక్కడ గీత 2004 సెప్టెంబరు 1. మూడోవాడు ఇక్కడే కర్ణాటక ప్రభుత్వంలో. వాడికి ఉంది! ఇక్కడ గీత 2006 ఏప్రిల్ 1. నాలుగోవాడు ప్రభుత్వ రంగ బ్యాంకులో గుమాస్తా. వాడికీ ఉంది, బ్యాంకుల్లో కొత్త విధానం 2010 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాళ్లకు వచ్చింది. తమిళనాడులో అయితే ఇంకా ముందే, 2003 ఏప్రిల్ 1నే గీత గీశారు. నలుగురూ చదివిన చదువు ఒకటే, రాసిన పరీక్షలు అలాంటివే. ఈ గీతల్లో పనితనం ఎక్కడ ఉంది? కష్టం ఎక్కడ ఉంది? ఎక్కడా లేదు. క్యాలెండరు ఉంది, అంతే.

గీతకు ఇటు ఉన్నవాడికి, చివరి జీతంలో సగం పింఛను. 60,000 మూల వేతనంతో రిటైరైతే 30,000. దాని మీద కరువు భత్యం. ధరలు పెరిగితే అది పెరుగుతుంది, వేతన సంఘం వస్తే పింఛనూ సవరిస్తారు. పైగా ఉద్యోగంలో ఉండగా దాని కోసం అతని జీతంలో ఒక్క పైసా కోయరు. గీతకు అటు ఉన్నవాడికి ప్రతి నెలా మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో పదో వంతు కోస్తారు. అంటే తేడా రిటైరయ్యాక మొదలు కాదు, మొదటి నెల జీతంలోనే మొదలవుతుంది. ఒకే హోదా, ఒకే మూల వేతనం, ఒకే సీటు, చేతికొచ్చేది మాత్రం తక్కువ. రిటైరయ్యాక పోగైన సొమ్ములో కనీసం 40 శాతం పెట్టి యాన్యుటీ, అంటే నెల నెలా ఇంత అని చెల్లించే పాలసీ, కొనాలి. దాని మీద కరువు భత్యం ఉండదు. అరవై ఏళ్లకు ఎంత వస్తుందో, ఎనభై ఏళ్లకూ మామూలుగా అంతే వస్తుంది. ఇరవై ఏళ్లలో కందిపప్పు ధర ఎక్కడికి పోతుందో ఇక్కడున్న అక్కలను అడగండి.

ఈ గీతలోనూ మరీ బాధ కలిగించిన సంగతి ఒకటుంది. కొత్త విధానం నోటిఫికేషన్ వచ్చింది 2003 డిసెంబరు 22న. దానికి ముందే ఉద్యోగ ప్రకటన పడి, పరీక్ష రాసి, ఎంపికై, ఆర్డరు చేతికొచ్చేసరికి 2004 దాటినవాళ్లు వేల మంది. ఒకే ప్రకటన, ఒకే పరీక్ష. కొందరికి ఆర్డరు డిసెంబరులోనే వచ్చింది, కొందరికి పోలీసు విచారణ ఆలస్యమై ఆ తర్వాత వచ్చింది. ముందువాళ్లకు పాత పింఛను, వెనకవాళ్లకు కొత్తది. కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2023 మార్చి 3న కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవాళ్లు ఒకసారి పాత పింఛను ఎంచుకోవచ్చని. మంచిదే. కానీ ఎన్నేళ్లు పట్టింది? పంతొమ్మిదేళ్లు. ఆలస్యం చేసింది కార్యాలయం, దాని బరువు మోసింది ఉద్యోగి.

న్యాయం ఏమంటుంది అని అడుగుతారు. డిసెంబరు 17ను పింఛనుదార్ల దినం అంటారు, ముందు వరుసలవాళ్లకు తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకు ఒక పింఛను సూత్రం, తర్వాతవాళ్లకు మరో మంచి సూత్రం అంటే చెల్లదని చెప్పింది. పింఛను ఎవరో దయతో వేసే భిక్ష కాదు, హక్కు అని చెప్పింది. మేము ఏటా ఆ రోజు దండలు వేసుకుని సభలు చేసుకుంటాం. చేసుకుంటూ, మన వెనక వచ్చిన పిల్లల మీద మరో తేదీ పెడితే ఊరుకున్నాం. వాళ్లతో ఏమన్నారు? చేరేటప్పుడే షరతులు తెలుసుకుని చేరావు కదా అన్నారు. ఇంట్లో అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటే, లక్ష మంది రాసిన పరీక్షలో ఉద్యోగం వస్తే, షరతు నచ్చలేదని కాగితం వెనక్కి ఇచ్చేవాడు ఎవరు?

ఇప్పుడు 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్రంలో ఏకీకృత పింఛను పథకం వచ్చింది. పాతికేళ్లు చేస్తే చివరి పన్నెండు నెలల మూల వేతనం సగటులో సగం, పదేళ్లు చేసినవాళ్లకు కనీసం 10,000. ఆంధ్రలో 2023లో గ్యారంటీ పింఛను చట్టం చేశారు. వీటి మీద నేను ఎక్కువసేపు మాట్లాడను, ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్లున్నారు. ఒక్కటి మాత్రం గమనించండి. డబ్బు లేదు, డబ్బు లేదు అన్నచోటే కొత్త పింఛనుకు కేంద్ర ప్రభుత్వం జీతం మీద వేసే వాటా 10 శాతం నుంచి 2019లో 14 శాతం అయింది, ఇప్పుడు ఈ కొత్త పథకంలో 18.5 అయింది. ఎందుకైంది? కొత్తవాళ్లు ఊరుకోలేదు కనుక అయింది. ఢిల్లీ రామ్‌లీలా మైదానం నిండా కూర్చున్నారు కనుక అయింది. పాతవాళ్లం సగం మంది అయినా వాళ్ల పక్కన కూర్చుని ఉంటే ఇంకెంత అయ్యేదో!

మా ఫ్యాక్టరీలవాళ్ల పింఛను ఇంకో కథ. మాకు ఉన్నది ఈపీఎస్, పీఎఫ్‌తో పాటు నడిచే ఉద్యోగుల పింఛను పథకం. నెల జీతం 15,000 అన్న పరిమితి మీద, ముప్పై ఐదేళ్ల సర్వీసు మొత్తం లెక్కగట్టినా వచ్చేది 7,500. అందులో కూడా తేదీ ఉంది, చూశారా? 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి చేరి, మూల వేతనం, కరువు భత్యం కలిపి 15,000 దాటినవాళ్లకు ఈపీఎస్‌లో చోటే లేదు. యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్‌లోకే వెళ్తుంది, ఎక్కడికీ పోదు, నిజమే. కానీ నెల నెలా పింఛను అనేది వాళ్లకు లేదు. ఆ తేదీ నాటికి సభ్యులుగా ఉన్న మాబోటివాళ్లకు 2022 నవంబరు 4 సుప్రీంకోర్టు తీర్పుతో అసలు జీతం మీద పింఛను అడిగే అవకాశమైనా వచ్చింది. వెనక వరుసలో కూర్చున్న ఈ పిల్లలకు ఆ తలుపు కూడా లేదు.

డెబ్బై ఏడు రోజులు

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి. 1980 డిసెంబరు 26న ఈ ఊళ్లో ఒక సమ్మె మొదలైంది. హెచ్‌ఏఎల్, బీఈఎల్, హెచ్‌ఎంటీ, ఐటీఐ, బీఈఎంఎల్. ఐదు ప్రభుత్వ రంగ సంస్థలూ ఒక్కసారే. లక్ష మందికి పైగా కార్మికులు. డెబ్బై ఏడు రోజులు నడిచింది. ఏమడిగారు వాళ్లు? బీహెచ్‌ఈఎల్‌లో కార్మికులకు ఇస్తున్న జీతం మాకూ ఇవ్వండి అన్నారు. ఇద్దరం ప్రభుత్వ రంగమే, ఇద్దరిదీ అదే పని, మరి జీతంలో తేడా ఎందుకన్నారు. అంతే. అదే వాళ్ల సమ్మె.

మా మేనమామ ఆ సమ్మెలో ఉన్నాడు. మత్తికెరెలో రెండు గదుల ఇల్లు. మూడో నెల వచ్చేసరికి అత్త గాజులు తాకట్టుకు పోయాయి. మా అమ్మ రాగులు, వేరుశనక్కాయలు మూట కట్టి నాకిచ్చి బస్సెక్కించింది. నాకప్పుడు పదహారేళ్లు. ఆ మూట భుజాన వేసుకుని మెజెస్టిక్ బస్టాండులో దిగి, ఊరు తెలియక అడుగుతూ అడుగుతూ నడిచాను. ఇంటికి వెళ్తే మామయ్య ఏం చేశాడో తెలుసా? మూట విప్పి, సగం తీసి పక్కింట్లో ఇచ్చి రమ్మన్నాడు. పక్కింటాయన వేరే ఫ్యాక్టరీ, వేరే భాష, కోలారు వైపు కన్నడిగుడు. "వాళ్లింట్లో పిల్లలు ముగ్గురు" అన్నాడు మామయ్య.

ఆ సమ్మెలో అడిగినదంతా రాలేదు. కానీ వాళ్లు అడిగింది చూడండి. ఒక ఫ్యాక్టరీకీ ఇంకో ఫ్యాక్టరీకీ మధ్య కూడా తేడా ఉండకూడదన్నారు. భోపాల్‌లో ఉన్నవాడికీ బెంగళూరులో ఉన్నవాడికీ తేడా ఉండకూడదన్నారు. ఆ కడుపు మాడ్చుకున్నవాళ్ల పిల్లలం, మేనల్లుళ్లం మేము. మేమేం చేశాం? ఒకే ఫ్యాక్టరీలో, ఒకే షెడ్డులో, మెషీనుకూ మెషీనుకూ మధ్య ఆరడుగుల దూరంలో రెండు జీతాలు పెట్టడానికి ఒప్పుకున్నాం.

ఎలా ఒప్పుకున్నామో చెబుతాను. ఎవరూ మమ్మల్ని బెదిరించలేదు. 2009లో చర్చలు చాలా రోజులు సాగాయి. ఒక సాయంత్రం యాజమాన్యం ఒక కాగితం ముందు పెట్టింది. ఇప్పుడున్నవాళ్లకు అడిగిన దాంట్లో ఎక్కువ భాగం ఇస్తాం, బకాయిలు కూడా ఇస్తాం, ఇప్పుడున్న ఏ సౌకర్యమూ తీయం. ఇకమీదట చేరబోయేవాళ్లకు మాత్రం కొత్త స్కేలు. అంతే. ఆ గదిలో పద్నాలుగు మందిమి ఉన్నాం. అందరం ఇప్పుడున్నవాళ్లమే. చేరబోయేవాడు ఆ గదిలో లేడు. వాడు అప్పుడు మదనపల్లెలో ఇంటర్ చదువుకుంటున్నాడు. వాడికి ఓటు లేదు, వాడికి నోరు లేదు, వాడి పేరు కూడా మాకు తెలియదు. మాలో ఒక్క పెద్దాయన మాత్రం అన్నాడు, "రేపు వాళ్లు వచ్చి మన ముఖం చూస్తార్రా" అని. మేము వినలేదు. పిల్లల ఫీజులున్నాయి, ఇంటి లోన్లున్నాయి, బకాయిల లెక్క అప్పటికే మనసులో వేసేసుకున్నాం. సంతకాలు పెట్టాం. గేటు దగ్గర మైసూరు పాకు పంచాం. నేనే పంచాను.

నా సొంత తప్పు కనుకనే ఇంత వివరంగా చెబుతున్నాను. మీలో ఎందరు ఇలాంటి గదుల్లో కూర్చున్నారో నాకు తెలుసు. రెండు స్కేళ్లు వచ్చాక ఏం జరిగింది? సాధించుకున్నామనుకున్న మేమే బలహీనపడ్డాం. తర్వాతి ఒప్పందం వచ్చేసరికి కొత్తవాళ్లు యూనియన్ చందా కట్టడానికి ఇష్టపడలేదు. ఎందుకు కడతారు? గేటు సభ అంటే సగం మంది నేరుగా బస్సెక్కి వెళ్లిపోయారు. క్యాంటీన్‌లో బల్లలు కూడా వేరయ్యాయి. మేము ఒక బల్ల, వాళ్లు ఒక బల్ల. మేము రిటైరవుతూ పోయాం, మా స్కేలు మాతోనే పోతూ వచ్చింది. మేము కాపాడుకున్నది మా తరం వరకే. మా కొడుకులే రేపు ఆ గేటులోకి వస్తే, వాళ్లకిచ్చేది ఆ రెండో స్కేలే.

అదే పని చేసేవాళ్లు

స్కేలు అంటూ ఉన్నవాళ్ల సంగతి ఇది. అసలు స్కేలే లేనివాళ్ల సంగతి చెప్పకుండా కూర్చుంటే పాపం. ఈ ఊళ్లో తెల్లవారుజామున వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది మన భాష మాట్లాడేవాళ్లే. మన జిల్లాల నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లే. ఇక్కడ ఎంతమందికి మీ వీధి ఊడ్చే అక్క పేరు తెలుసు? చేతులెత్తనవసరం లేదు, మనసులో అనుకోండి. ఏళ్ల తరబడి కాంట్రాక్టర్ల కింద చేశారు. 2017లో ఆ కాంట్రాక్టర్ల పద్ధతి తీసి నేరుగా జీతాలన్నారు. 2022 జూలైలో చీపుళ్లు పక్కన పెట్టి సమ్మెకు కూర్చున్నారు, పర్మనెంటు చేస్తామని మాట తీసుకున్నారు. 2025 మే దినం నాడు వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అది వాళ్లు గెలుచుకున్నది.

మా వీధిలో ఊడ్చే ఒక అక్క ఉంది. పర్మనెంటైందని తెలిసి నేను మిఠాయి ఇచ్చాను. తీసుకుంది. తీసుకుని, "అన్నా, ఇరవై రెండేళ్లు ఊడ్చినాను. కాయితం మీద నేను మొన్న చేరినదాన్ని. ఇంకా ఐదేళ్లే ఉంది" అంది. చూశారా? ఎవరు పాత, ఎవరు కొత్త? వీధికి అందరికంటే పాతది ఆమె. కాగితానికి అందరికంటే కొత్తది ఆమె. సర్వీసు అనేది చీపురు పట్టిన రోజు నుంచి లెక్కపెట్టాలా, కాగితం ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలా? నేను ఈ ప్రశ్నకు వేరే జవాబు ఉందనుకోను.

సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగం 39వ అధికరణంలో ఉంది. అది ప్రాథమిక హక్కు కాదు కదా అని కొట్టిపారేసే రోజుల్లో, 1982లో, ఢిల్లీ పోలీసు శాఖలో ఒక డ్రైవరు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రైల్వే రక్షణ దళంలో డ్రైవరుకు ఇచ్చే జీతం నాకెందుకు ఇవ్వరని. రణధీర్ సింగ్ కేసు. తీర్పు రాసింది మన తెలుగువాడు, న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. సమాన వేతనం అన్నది పుస్తకంలో మాట కాదు, సమానత్వ హక్కులోంచి వచ్చేదే అని ఆయన తేల్చారు. ఆ తర్వాత 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో, పర్మనెంటువాళ్లు చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులో కనీస జీతం ఇవ్వాలని కోర్టు చెప్పింది. తక్కువ జీతానికి ఎవరూ ఇష్టపడి చేయరు, ఇంట్లోవాళ్లకు తిండి పెట్టడానికి ఆత్మగౌరవం చంపుకుని చేస్తారు అన్న అర్థం వచ్చేలా రాశారు అందులో. ఆ పేరా ఒకసారి చదవండి.

మధ్యలో మన కర్ణాటక నుంచే వెళ్లిన ఉమాదేవి కేసు ఉంది, 2006 ఏప్రిల్ 10. వాణిజ్య పన్నుల శాఖలో దినకూలీల కేసు. పద్ధతి ప్రకారం నియామకం కానివాళ్లకు పర్మనెంటు అడిగే హక్కు లేదన్నారు. మంజూరైన పోస్టుల్లో పదేళ్లు చేసినవాళ్లను మాత్రం ఒకసారికి క్రమబద్ధం చేయమన్నారు. ఆఫీసులు ఆ తీర్పులో మొదటి సగం గుర్తుపెట్టుకున్నాయి, రెండో సగం మరిచిపోయాయి. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టే ఆ మాట అంది, ఉమాదేవి తీర్పును ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల మీద ఆయుధంగా వాడకండని. కాంట్రాక్టు పిల్లలు ఈ తీర్పు కాపీ దగ్గర పెట్టుకోండి.

రైల్వే నుంచి వచ్చిన అన్న చెయ్యి ఎత్తుతున్నారు. అవునన్నా, ఆ సంగతి మరిచిపోలేదు. పాతవాడికి తక్కువ, కొత్తవాడికి ఎక్కువ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆరో వేతన సంఘంలో 2006 తర్వాత నేరుగా చేరినవాళ్లకు మొదలు జీతం ఇంత అని పట్టిక వేశారు. అప్పటికే కింది నుంచి ప్రమోషన్ మీద అదే కుర్చీకి వచ్చిన సీనియర్లకు కొందరికి దానికంటే తక్కువ కుదిరింది. పని నేర్పేవాడికి తక్కువ, నేర్చుకునేవాడికి ఎక్కువ. అదీ అన్యాయమే. ఆ సీనియర్లు ఏళ్ల పాటు అర్జీలు పెట్టుకున్నారు. అందుకే అంటున్నాను, ఇది పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ తగాదా కాదు. గీత ఎక్కడ గీస్తే అక్కడ ఎవరో ఒకరు కింద పడతారు.

డబ్బు ఎక్కడిది అంటారు. న్యాయమైన ప్రశ్నే. రాష్ట్రాల బడ్జెట్లలో జీతాలు, పింఛన్లు ఎంత తింటున్నాయో నాకూ తెలుసు, మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారనీ తెలుసు. ప్రభుత్వ రంగంలో 2017 వేతన సవరణ అయితే సంస్థ లాభాలతో ముడిపెట్టారు, నష్టాల్లో ఉన్న సంస్థలవాళ్లు వెనకబడిపోయారు. భారం ఉంటే భారం అందరం మోద్దాం. నాకు ఒక రూపాయి తగ్గి, పక్క మెషీన్ వాడికి ఒక రూపాయి పెరిగితే నేను సిద్ధమే. 2009లో ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు బకాయిల్లో కొంత వదులుకుని అందరికీ ఒకే స్కేలు అడిగి ఉంటే సాధ్యమయ్యేదే. లెక్క తర్వాత వేసి చూశాను. సాధ్యమయ్యేదే.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. ప్రభుత్వ రంగ అధికారుల వేతన సవరణ 1997లో, 2007లో, 2017లో జరిగింది. 2007 సవరణకు కమిటీ పెద్ద న్యాయమూర్తి జగన్నాథరావు, ఆయనా మనవారే. ఆ లెక్కన తర్వాతిది 2027 జనవరి 1 నుంచి రావాలి. కార్మికుల ఒప్పందాలు కూడా చాలాచోట్ల ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. కేంద్ర ఉద్యోగులకు న్యాయమూర్తి రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఎనిమిదో వేతన సంఘం కూర్చుంది. అంటే మళ్లీ గదులు తెరుచుకుంటాయి, మళ్లీ కాగితాలు ముందుకొస్తాయి. ఇప్పుడున్నవాళ్లకు ఏమీ తీయం, రాబోయేవాళ్లకు మాత్రమే అని మళ్లీ ఎవరో ఒకరు అంటారు. ఆ వాక్యం వినపడగానే లేచి నిలబడండి. ఆ ఒక్క వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, మిగతా పేజీల్లో ఏమిచ్చినా సరే.

చర్చల కమిటీల్లో చేరి ఐదేళ్లు దాటనివాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. కాంట్రాక్టువాళ్ల నుంచి ఒకరు. చట్టంలో చోటు లేదంటే, లోపల కూర్చునే మనవాళ్లు బయటికి వచ్చి ప్రతి రోజూ వాళ్లకు చెప్పి, వాళ్ల మాట విని లోపలికి వెళ్లాలి. ఇది కోరికల పత్రం మొదటి పేజీలో ఉండాలి, చివరి పేజీలో కాదు. ఆ మదనపల్లె కుర్రాడు, ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పను, వాడికి ఇష్టం ఉండదు. వాడు ఈసారి కమిటీకి పోటీ చేస్తున్నాడు. నాకు ఓటు లేదు కానీ ఇంటింటికీ తిరిగే కాళ్లున్నాయి.

వచ్చే ఆదివారం ఇదే హాల్లో పదింటికి కలుద్దాం. ప్రతి ఒక్కరూ పే స్లిప్పు జిరాక్సు ఒకటి తెండి. పేరు, నంబరు కొట్టేయండి. చేరిన తేదీ, పని, స్కేలు, కోతలు, చేతికొచ్చేది, ఇవి చాలు. సంస్థలవారీగా పక్కపక్కన అంటించి చూద్దాం, ఒకే పనికి ఈ ఊళ్లో ఎన్ని జీతాలున్నాయో. లెక్కలు రాయడానికి బ్యాంకులో చేసే అమ్మాయి ఒప్పుకుంది. పేర్లు రాసుకునే పుస్తకం కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. ముందు వెనక వరుసలవాళ్లు వచ్చి రాయండి, మేము ఆగుతాం.